హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలి? ముందు రాత్రి భోజనం ఎక్కడో చెప్పండి

"ఒరేయ్, సెలవలకి అందరం హైదరాబాద్ వస్తున్నాం. రూము ఎక్కడ తీసుకోమంటావు?" అని రాజమండ్రి నుంచి మా మేనత్త ఫోను.

"అత్తా, రాత్రిళ్ళు అన్నం ఎక్కడ తిందామనుకుంటున్నారు?" అన్నాను.

"రూము సంగతి అడిగితే అన్నం సంగతి అడుగుతావేంట్రా?" అని విసుక్కుంది. కానీ ఈ ఊళ్ళో పదహారేళ్ళు ఉన్నాక, చుట్టాలకి నేను మొదట అడిగే ప్రశ్న అదే. ఎందుకంటే హైదరాబాద్ పొద్దున్నే లేచే ఊరు కాదు. ఉదయం ఏడింటికి రోడ్లు ఖాళీ, ఎక్కడ నుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అసలు కష్టం సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఉంటుంది. పొద్దున అరగంటలో వెళ్ళిన దారి సాయంత్రం ఏడింటికి గంటన్నర తినేస్తుంది. పిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు, క్యాబ్ వాడు రెండుసార్లు క్యాన్సిల్ చేస్తాడు, పెద్దవాళ్ళకి కాళ్ళు లాగుతుంటాయి. కాబట్టి పగలు ఏం చూస్తారన్నది పక్కన పెట్టి, రాత్రి ఏ పేటలో ఉండాలనిపిస్తుందో అక్కడే రూము తీసుకోండి. చూడాల్సినవాటికి పొద్దున్నే బయల్దేరితే సరిపోతుంది.

ఇంకొక్క మాట చెప్పి పేటల్లోకి వెళ్తాను. 2017 చివర్లో మొదలైన మెట్రోకి ఇప్పుడు మూడు లైన్లు, మొత్తం 69 కిలోమీటర్లు. ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి, నీలం లైను నాగోలు నుంచి రాయదుర్గానికి, ఆకుపచ్చ లైను జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్‌కి (మహాత్మా గాంధీ బస్ స్టేషన్). ఎర్ర లైనూ నీలం లైనూ అమీర్‌పేటలో కలుస్తాయి. ఈ మూడింటిలో ఏదీ చార్మినార్‌కి పోదు, గోల్కొండకి పోదు, ఎయిర్‌పోర్టుకి పోదు. ఇది ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

పాతబస్తీ: చూడ్డానికా, ఉండటానికా?

చూడ్డానికే. రంజాన్ నెల మినహా.

చార్మినార్ 1591లో కట్టింది. ఆ సంగతి అందరికీ తెలుసు. పొద్దున ఆరున్నరకి అది ఎలా ఉంటుందో మాత్రం చాలామందికి తెలియదు. చుట్టూ బండ్లు రానివ్వరు కాబట్టి ఆ వేళలో పావురాలు, ఊడ్చేవాళ్ళు, చాయ్ తాగేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పక్కనే ఉన్న నిమ్రా కేఫ్ దగ్గర నిలబడి ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ ఆ మీనార్లని చూడటం వేరు, మధ్యాహ్నం రెండింటికి జనంలో తోసుకుంటూ సెల్ఫీ తీసుకోవడం వేరు. అక్కడి నుంచి చార్‌కమాన్ వైపు నడిస్తే నాలుగు పెద్ద కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్. ఆ గల్లీల్లో పొద్దుటిపూట దోశ బండ్ల దగ్గర నెయ్యి వాసన దూరం నుంచే పిలుస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, లాడ్‌బజార్ గాజుల కొట్లు అంత పొద్దున్నే తెరవరు. పదకొండు దాటాలి. సాయంత్రం దీపాలు పెట్టాక ఆ లక్క గాజుల మెరుపే వేరు. మరి పొద్దున చార్మినార్‌కీ పదకొండింటి గాజులకీ మధ్య ఏం చేయాలి? చౌమహల్లా ప్యాలెస్ పదింటికి తెరుస్తారు, నడిచి వెళ్ళేంత దూరం. ఆ దర్బారు హాల్లోని షాండ్లియర్లు చూసి బయటికొచ్చేసరికి కొట్లు తెరిచి ఉంటాయి. బేరం తప్పకుండా ఆడండి. చెప్పిన ధరకి కొంటే కొట్టువాడే మనల్ని వింతగా చూస్తాడు.

శుక్రవారం మాత్రం పాతబస్తీకి వెళ్ళకండి. చౌమహల్లా మూసి ఉంటుంది, సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటుంది, మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజుకి వచ్చే జనంతో రోడ్లు నిండిపోతాయి. మా చిన్నాన్న కుటుంబాన్ని శుక్రవారం పూట సాలార్‌జంగ్ గేటు దాకా తీసుకెళ్ళి తిప్పి పంపిన ఘనత నాదే. పిన్ని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ కథ చెబుతుంది.

సాలార్‌జంగ్‌కి వెళ్తే పదకొండున్నరకల్లా అక్కడి పాత గడియారం ముందు చోటు పట్టుకోండి. పన్నెండింటికి లోపల్నించి చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంది. దానికోసం జనం బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తారు. తర్వాత ముసుగు వేసుకున్న రెబెకా శిల్పం దగ్గర ఆగండి. పాలరాతిలో పలచటి గుడ్డని చెక్కాడు బెంజోనీ అనే ఇటలీ శిల్పి. ఎన్నిసార్లు చూసినా నాకు చెయ్యి పెట్టి ఆ గుడ్డ తొలగించాలనిపిస్తుంది.

ఇక్కడి దక్కనీ ఉర్దూ హిందీ సినిమాల్లో వినే ఉర్దూ కాదు. "నక్కో" అంటే వద్దు. "పర్సోఁ" అంటే మొన్న అనుకుంటాం, కానీ ఇక్కడ అది పోయిన నెలైనా కావచ్చు, పోయిన ఏడాదైనా కావచ్చు. కొట్టువాళ్ళలో చాలామంది తెలుగు అర్థం చేసుకుంటారు, భాష గురించి దిగులు అక్కర్లేదు.

రూము ఇక్కడే తీసుకోవచ్చు కదా అంటారు. మంచి హోటళ్ళు తక్కువ, కారుకి చోటు ఉండదు, సాయంత్రం ఆటో బయటికి రావడానికే అరగంట. కానీ రంజాన్‌లో వస్తే లెక్క మారిపోతుంది. అప్పుడు ఈ బజారు తెల్లవారుజాము దాకా మేలుకుని ఉంటుంది, హలీం బట్టీల చుట్టూ ఊరంతా చేరుతుంది. హైదరాబాదీ హలీంకి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రోజుల్లో అఫ్జల్‌గంజ్, మదీనా వైపు రూము తీసుకుంటే రాత్రి రెండింటికైనా నడిచి గదికి చేరొచ్చు. నిద్ర మీద ఆశ మాత్రం వదులుకోండి.

నాంపల్లి, ఆబిడ్స్, కోఠి, లక్డీకాపూల్

మొదటిసారి వచ్చేవాళ్ళకి నా ఓటు ఇటే. ఇక్కడ లాడ్జీలు చాలా ఉన్నాయి, ఎర్ర లైను మెట్రో గుమ్మంలో ఉంటుంది, పాతబస్తీ నాలుగైదు కిలోమీటర్లే. అంతకన్నా ముఖ్యం, సాయంత్రం నడవగలిగిన పేట ఇది. హైదరాబాద్‌లో అలా నడిచి తిరగడానికి వీలున్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొజంజాహి మార్కెట్ చూడండి. 1935 నాటి రాతి కట్టడం, మధ్యలో గడియారం బురుజు. కొన్నేళ్ళ క్రితం దాన్ని బాగుచేశారు, రాత్రిపూట దీపాలు వేస్తారు. లోపల చేత్తో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీం దొరికే పాత కొట్లు ఉన్నాయి. సీతాఫలాల కాలంలో వస్తే ఇంకేదీ అడగొద్దు. ఎదురుగా ఉన్న కరాచీ బేకరీలోనే చుట్టాల కోసం ఫ్రూట్ బిస్కెట్లు కొనేయండి. ఎయిర్‌పోర్టులో కొంటే అవే డబ్బాలు, రద్దీ అదనం.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మిగతా వారమంతా బట్టలకొట్ల ముందు హడావిడిగా ఉండే ఆ రోడ్డు ఆ ఒక్కరోజూ పుస్తకాలవాళ్ళది. తెలుగు పుస్తకాల కోసం కాస్త ఓపిగ్గా వెతకాలి. ఇంగ్లిష్ గుట్టల కింద ఉంటాయి, కానీ ఉంటాయి.

కోఠిలో చాలామంది చూడకుండా పోయేది బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కాలంలో, 1800కి కాస్త అటూ ఇటూగా కట్టిన తెల్లటి మేడ, ముందు పెద్ద స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు. మన తరానికి అది కోఠి విమెన్స్ కాలేజీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. లోపలికి వెళ్ళే వీలు ఆ రోజు ఉందో లేదో గేటు దగ్గరే కనుక్కోవాలి. వీలు కాకపోతే కోఠి చాట్ తిని సుల్తాన్ బజార్‌లో చీరలు చూసుకుంటూ వెనక్కి రండి. ఆడవాళ్ళు ఎలాగూ ముందు అక్కడికే వెళ్తామంటారు.

లక్డీకాపూల్ ఇదే వైపు, కానీ కాస్త నెమ్మదైన చోటు. బిర్లా మందిరం దగ్గర, రవీంద్రభారతి దగ్గర, ట్యాంక్‌బండ్ దగ్గర. బిర్లా మందిరంలో ఫోన్లు లోపలికి రానివ్వరు, అందరి ఫోన్లూ ఒకరి సంచిలో పెట్టి కౌంటర్లో ఇచ్చేయడం మేలు. సాయంత్రం పైనుంచి హుస్సేన్‌సాగర్ చూస్తే మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. ఆ విగ్రహాన్ని 1990లో బార్జి మీద తరలిస్తుంటే నీళ్ళలో మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్ళు చెరువు అడుగున ఉండి 1992లో లేచి నిలబడ్డాడు. పిల్లలకి ఆ కథ చెప్పి చూపించండి, లేకపోతే వాళ్ళకి అదొక విగ్రహం మాత్రమే.

లోపాలు కూడా చెప్పాలి. లాడ్జీల్లో సగం ముప్పై నలభై ఏళ్ళ నాటివి. ఫొటోలో ఉన్న గది వేరు, ఇచ్చే గది వేరు. ఒకసారి మా స్నేహితుడి పెళ్ళివారికి ఒక లాడ్జిలో నేను ఫోను మీదే ఆరు గదులు మాట్లాడితే, రెండింటికి కిటికీలే లేవు. అప్పటి నుంచి స్టేషన్‌కి దగ్గర అన్న మాటకి లొంగను. వెళ్ళి గది చూసి, బాత్రూంలో నీళ్ళు తిప్పి చూసి, అప్పుడే డబ్బు కడతాను. స్టేషన్ బయట "రూమ్ కావాలా సార్" అంటూ వెంటపడేవాళ్ళ వెంట అసలే వెళ్ళొద్దు.

జనవరిలో వస్తే ఈ పేటకి తిరుగులేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరుగుతుంది, 1938 నుంచి ఉన్న తిరునాళ్ళు. రాత్రి పదిన్నరకి సంచులు మోసుకుంటూ నడిచి రూముకి చేరడమంత సుఖం ఇంకోటి లేదు. అదే వినాయక నిమజ్జనం రోజైతే ఇక్కడ ఉండొద్దు. బాలాపూర్ నుంచి వచ్చే శోభాయాత్ర ఇటుగానే హుస్సేన్‌సాగర్‌కి వెళ్తుంది, రోడ్లు మూసేస్తారు, మర్నాటి దాకా తెరుచుకోవు. నిమజ్జనం చూడటానికే వస్తే మాత్రం సరే.

సికింద్రాబాద్

హైదరాబాద్‌లో భాగమే అంటారు గానీ, అక్కడి పాత కాపురస్తుల దగ్గర ఆ మాట అనకండి. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన కంటోన్మెంటు ఊరు ఇది. ఇంగ్లిష్ చర్చిలు, పార్సీల ఇళ్ళు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, విశాలమైన మిలిటరీ రోడ్లు, పెద్ద పెద్ద చెట్లు, ఇదొక వేరే వాతావరణం. పొద్దున మోండా మార్కెట్, మధ్యాహ్నం జనరల్ బజార్‌లో బంగారం, బట్టలు, సాయంత్రం ప్యారడైజ్ సెంటర్లో బిర్యానీ. బిర్యానీ ఎక్కడ బాగుంటుందన్న గొడవలోకి నేను దిగను, దానికి ఇంకో వ్యాసం కావాలి.

తెల్లవారుజామున రైలు ఎక్కాల్సినవాళ్ళు, అర్ధరాత్రి దిగేవాళ్ళు, కంటోన్మెంట్ వైపు పని ఉన్నవాళ్ళు ఇక్కడే ఉండాలి. ఒక జాగ్రత్త. స్టేషన్ని కొత్తగా కడుతున్నారు, చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు, కొన్ని రైళ్ళు అటు మారాయి. టికెట్ మీద ఏ స్టేషన్ రాసి ఉందో చూసుకున్నాకే రూము బుక్ చేయండి. సికింద్రాబాద్‌లో రూము, చర్లపల్లిలో రైలు అయితే పొద్దున్నే ఇబ్బందే.

ఆషాఢంలో వస్తే ఇక్కడి ఉజ్జయిని మహంకాళి బోనాలు చూడాలి. బోనాలు ముందు గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్‌కి, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజాకి వస్తాయి. ఏ ఆదివారం ఏ పేటలో ఉన్నాయో చూసుకుని, ముందురోజు రాత్రికే ఆ పేటకి చేరితే జాతర మధ్యలో నిద్ర లేస్తారు.

చిక్కడపల్లి

దీని పేరు ఏ టూరిస్టు పుస్తకంలోనూ ఉండదు, కానీ నాకు ఇష్టమైన పేట. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది పుణ్యక్షేత్రం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పెద్ద హీరో సినిమా మొదటి రోజు మొదటి ఆట చూడని తెలుగువాడికి హైదరాబాద్ పూర్తి కాదు. కటౌట్లు, పాలాభిషేకాలు, చించి ఎగరేసిన కాగితాలు. ఆ పక్కనే అశోక్‌నగర్, గ్రూప్స్‌కి చదివే పిల్లల ఊరు. టీ కొట్టు దగ్గర నిలబడితే రాజ్యాంగం అధికరణల మీద వాదన వినిపిస్తుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు కోసం పొద్దున్నే క్యూ కడతారు. సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏదో ఒక సభో, కచేరీయో, నాటకమో ఉంటుంది. ఆకుపచ్చ లైను ఇటే పోతుంది, సుల్తాన్ బజార్ రెండు స్టేషన్ల దూరం. గదులు సాదాసీదావి, కుటుంబంతో కాకుండా ఒంటరిగానో స్నేహితులతోనో వచ్చేవాళ్ళకి నప్పుతాయి.

అమీర్‌పేట

చూడ్డానికి ఏమీ లేదు. రెండు మెట్రో లైన్లు కలుస్తాయి, అదే దీని గొప్ప. నేను ఈ ఊళ్ళో మొదట దిగింది ఇక్కడి హాస్టల్లోనే, నలుగురం ఒక గదిలో, కింద కోచింగ్ సెంటర్ పాఠాలు వింటూ. పొద్దున ఒకచోట ఇంటర్వ్యూ, మధ్యాహ్నం ఇంకోచోట పని ఉన్నవాళ్ళకి ఇంతకన్నా అనువైన చోటు లేదు. చప్పుడుకి అలవాటు పడాలి.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్

డబ్బు ఉంటే, లేదా ఆ డబ్బు కంపెనీ ఇస్తుంటే ఉండండి. కొత్తవాళ్ళని ఇక్కడి రోడ్డు నంబర్లు ఏడిపిస్తాయి. అడ్రస్‌లో రోడ్డు నంబరు మాత్రమే కాదు, అది బంజారాహిల్స్‌దో జూబ్లీహిల్స్‌దో కూడా అడిగి రాసుకోండి. నడక అనుకోకండి, ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దుటి నడక ఒక్కటే మినహాయింపు, నెమళ్ళ అరుపులు వినిపిస్తాయి. నాటకాలు, చర్చలు ఇష్టమైతే లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. పాత ఇంటిని అలా తీర్చారు, రాతి గోడలు, చౌకగా చాయ్, సమోసా. ఈ రెండు పేటల్లో నేను డబ్బు ఖర్చు పెట్టకుండా గంటలు గడిపేది అక్కడే.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్

1998లో సైబర్ టవర్స్ కట్టేనాటికి ఇక్కడ బండరాళ్ళే ఎక్కువ. ఇప్పుడు మనవాళ్ళ పిల్లల్లో చాలామంది ఇక్కడే ఫ్లాట్లలో ఉంటున్నారు. అందుకే అమ్మానాన్నలు వచ్చి వారం రోజులు పదిహేనో అంతస్తు నుంచి ఇంకో పదిహేనో అంతస్తుని చూసి వెళ్ళిపోతుంటారు. పిల్లలు ఆఫీసుకి వెళ్ళాక ఏం తోచదు. అలాంటివాళ్ళకి ఒక రహస్యం చెబుతాను. గోల్కొండ కోట చార్మినార్ కన్నా మీకే దగ్గర. పొద్దున్నే వెళ్ళి ఎండ ముదిరేలోపు కోట పైనున్న బాలాహిసార్ దాకా ఎక్కి దిగండి. కోట గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందని గైడు చేసి చూపిస్తాడు. మోకాళ్ళ నొప్పులుంటే కిందే కూర్చుని వినొచ్చు, నష్టం లేదు. పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు, నీడ ఉన్న తోట, జనం తక్కువ. సాయంత్రం శిల్పారామం, చీకటి పడ్డాక దుర్గం చెరువు కేబుల్ వంతెన. ఇవి చూస్తే మూడు రోజులు గడిచిపోతాయి, పాతబస్తీ వైపు ఒక్క రోజు వెళ్తే చాలు.

అమెరికా వీసా పని మీద వచ్చేవాళ్ళు ఇప్పటికీ బేగంపేటలో దిగుతున్నారు. కాన్సులేట్ 2023లోనే నానక్‌రామ్‌గూడకి మారిపోయింది. వాళ్ళకి గచ్చిబౌలి వైపే రూము నయం. అపాయింట్‌మెంట్ కాగితం మీద ఉన్న అడ్రస్ మళ్ళీ ఒకసారి చదువుకోండి. ఎయిర్‌పోర్టుకి కూడా ఇక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద సాఫీగా పోవచ్చు. సికింద్రాబాద్ నుంచి అయితే ఊరంతా దాటాలి.

పండగకో సెలవకో వచ్చే మామూలు కుటుంబం రాత్రిపూట ఈ వైపు ఉంటే మాత్రం మాల్ తప్ప వేరే దిక్కు లేదు. మాల్ విజయవాడలోనూ ఉంది, విశాఖలోనూ ఉంది.

రెండే రోజులుంటే నాంపల్లిలోనో లక్డీకాపూల్‌లోనో దిగి, ఒక పొద్దున పాతబస్తీ, ఒక పొద్దున గోల్కొండ, సాయంత్రాలు రెండూ రూము చుట్టుపక్కలే. నాలుగు రోజులుంటే రెండు రాత్రులు అక్కడ, రెండు రాత్రులు గచ్చిబౌలిలో. సామాను మోయడం ఒక్కసారి విసుగే గానీ, రోజూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ట్రాఫిక్‌లో నలగడం కన్నా మేలు. పిల్లలు జూ అని పట్టుబడితే సోమవారం వద్దు, ఆ రోజు సెలవు.

మా అత్త చివరికి లక్డీకాపూల్‌లో తీసుకుంది. ఆదివారం పొద్దున చార్మినార్ చూసొచ్చి, మధ్యాహ్నం మావయ్య "ఇప్పుడే వస్తా" అని ఆబిడ్స్ వైపు వెళ్ళాడట. సాయంత్రం అత్త నుంచి ఫోను. "ఆ పుస్తకాల సంగతి మీ మావయ్యకి ఎందుకు చెప్పావురా? రెండు సంచులు తెచ్చాడు. రైల్లో ఎవరు మోస్తారు?"